మెదడులో ఉబ్బు బయటపడిన రోగికి నిర్ణయించుకునే వ్యవధి ఇవ్వాలి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్య పుటలో మెదడు రక్తనాళాల జబ్బుల గురించి వచ్చే వ్యాసాలను నేను తప్పకుండా చదువుతాను. వాటిలో లక్షణాలు ఉంటాయి, జాగ్రత్తలు ఉంటాయి, ఏ పరీక్ష చేయించుకోవాలో ఉంటుంది. పరీక్షలో జబ్బు బయటపడి, ఒక డాక్టరు ఒక మాట, ఇంకో డాక్టరు ఇంకో మాట చెప్పిన తరువాత ఆ ఇంటివాళ్లు ఏ ఆధారంతో నిర్ణయం తీసుకోవాలో మాత్రం ఎక్కడా కనపడదు. బ్రెయిన్ అన్యూరిజం, అంటే మెదడు రక్తనాళం మీద వచ్చే ఉబ్బు విషయంలో మా కుటుంబం ఏడాదికి పైగా ఆ సందిగ్ధంలో గడిపింది. అందులో నేర్చుకున్నది ఉత్తర తెలంగాణలోని మరికొన్ని కుటుంబాలకు పనికివస్తుందని, వరంగల్‌లో వైద్య వ్యవస్థను నడిపే అధికారుల దృష్టికి కూడా వెళుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైనందుకు మన్నించండి.

నేను హనుమకొండలో ఉంటున్న విశ్రాంత గణిత ఉపాధ్యాయుడిని. మా అక్కది కోరుట్ల వైపు ఒక పల్లె. పదిహేనో ఏట నుంచీ బీడీలు చుడుతున్నది. మా బావగారు కాలం చేశారు, మేనల్లుడు దుబాయిలో పనిచేస్తున్నాడు. అక్కకు 59 ఏళ్లు వచ్చిన ఏడాది చలికాలంలో రెండు మూడుసార్లు కళ్లు తిరిగి పడిపోతే, జిల్లా కేంద్రంలో ఎంఆర్‌ఐ తీయించాము. కళ్లు తిరగడానికి కారణం బీపీ మాత్రలు సరిగా వేసుకోకపోవడమేనని తేలింది. కానీ దానితోపాటు మెదడుకు కుడివైపు, మిడిల్ సెరిబ్రల్ అనే ధమని రెండుగా చీలే చోట, 6 మిల్లీమీటర్ల ఉబ్బు ఒకటి ఉన్నదని రిపోర్టులో రాశారు. పాతబడిన సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడి, గాలి కొట్టినప్పుడు అక్కడ బుడగలా పొంగుతుంది చూడండి, అన్యూరిజం అంటే రక్తనాళం గోడమీద అటువంటి పొంగు. పెద్దవాళ్లలో సుమారు నూటికి ముగ్గురికి ఇది ఉంటుందని, వారిలో ఎక్కువమందికి జీవితాంతం అది చిట్లదని, అసలు ఉన్నదన్న సంగతే తెలియదని మాకు చాలా తరువాత తెలిసింది. ఆ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో కొన్ని రాత్రుల నిద్ర మిగిలేది.

మాకు మొదట వినపడిన మాట వేరు. రిపోర్టు పట్టుకుని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లినప్పుడు, అక్కడి డాక్టరు అక్క ముందే "తలలో టైంబాంబు ఉన్నది, ఎప్పుడు పేలుతుందో చెప్పలేము" అన్నారు. ఆ సాయంత్రమే అడ్మిట్ చేసుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక సిస్టరు పదకొండు పేజీల ఇంగ్లిషు కాగితాలు తెచ్చి, పొద్దున్నే కాయిలింగ్ (ఉబ్బు లోపల కాయిల్స్ అనే తీగచుట్టలు నింపడం) ఉన్నది, సంతకం చేయండి అన్నది. ఎన్ని కాయిల్స్ పడతాయో లోపలికి వెళ్లాక గాని తెలియదని, ఒక్కొక్కదానికి వేరుగా బిల్లు అవుతుందని బిల్లింగ్ కౌంటరులో చెప్పారు. అక్క బొటనవేలికి సిరా కూడా పూశారు. నేను ఆ చేతిని పట్టుకుని, ఇంకొక డాక్టరును అడిగి వస్తామని చెప్పి, బతిమాలి డిశ్చార్జి చేయించుకున్నాను. ఆ రోజు అక్కకు తలనొప్పి లేదు, వాంతి లేదు, చూపులో తేడా లేదు. ఆ ఉబ్బు చిట్లలేదు. ఎన్నేళ్లుగా ఉన్నదో తెలియని దానికి తెల్లవారేలోగా సంతకం ఎందుకు కావాలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఆ తరువాత చూపించిన రెండో డాక్టరు న్యూరోసర్జన్. ఆయన ఫిల్ములు చూసి, ఇది కాయిలింగుకు లొంగేది కాదు, పుర్రె తెరిచి క్లిప్పు పెట్టాలి అన్నారు. మొదటి ఆయన రక్తనాళం గుండా తీగతో చేసే విద్య నేర్చినవారు, రెండో ఆయన కత్తితో చేసే విద్య నేర్చినవారు. ఇద్దరూ తమ పనిలో నిపుణులే. కాని ఒకరి మాట ఒకరు వినలేదు, మూడో దారి ఒకటి ఉన్నదని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఇంటికి వచ్చిన మాకు మిగిలింది, ఎవరిని నమ్మాలి అన్న ప్రశ్న ఒక్కటే. ఏ పద్ధతి ఎందుకు అన్నది కదా మేము అడగవలసింది! రోగిని ఇటువంటి స్థితిలో వదిలివేయడమే నా ప్రధానమైన ఫిర్యాదు.

దారులేమిటో క్లుప్తంగా చెబుతాను. పుర్రెలో చిన్న కిటికీలా తెరిచి, మైక్రోస్కోపు కింద ఉబ్బు మొదలును బయటినుంచి క్లిప్పుతో బిగించడం పాత పద్ధతి. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ మొదట ఇలా క్లిప్పు పెట్టారు, మైక్రోస్కోపు వాడకం తరువాత వచ్చింది. ఈనాటి క్లిప్పులు ఎక్కువగా టైటానియంవి. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, మెదడు దాకా తీసుకువెళ్లి, ఉబ్బు లోపల ప్లాటినం తీగచుట్టలు నింపి రక్తం గడ్డకట్టేలా చేయడం కాయిలింగ్. ఈ తీగచుట్టలను గుగ్లీల్మి అనే వైద్యుడు 1990లో మొదటిసారి రోగికి వాడారు. ఉబ్బు మొదలు వెడల్పుగా ఉంటే తీగచుట్ట జారి బయటికి వస్తుంది కనుక, దానికి అడ్డంగా ధమనిలో స్టెంట్ అనే సన్నని లోహపు గొట్టం పెడతారు. ఉబ్బున్న చోట ధమని లోపల సన్నని జల్లెడ గొట్టం అమర్చి, రక్తప్రవాహాన్ని ఉబ్బులోకి పోనీయకుండా మళ్లించే ఫ్లో డైవర్టర్ 2011లో అమెరికాలో అనుమతి పొందింది. దానివల్ల ఉబ్బు వెంటనే మూసుకోదు, నెలల మీద మూసుకుంటుంది. స్టెంట్ గాని, ఫ్లో డైవర్టర్ గాని పెడితే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రెండు మాత్రలు నెలల తరబడి ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. తప్పితే పెట్టిన గొట్టంలోనే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇక నాలుగోది, ఏమీ చేయకుండా బీపీని అదుపులో పెట్టి, పొగాకు మానిపించి, నియమిత కాలానికి స్కాన్ తీస్తూ కనిపెట్టి ఉండటం. ఇదీ ఒక చికిత్సే. దీనికి బిల్లు తక్కువ కనుక దీన్ని చికిత్సగా లెక్కపెట్టరేమోనని నాకు అనుమానం.

మేనల్లుడు దుబాయి నుంచి ఫోను చేసి, "మామా, కాయిలింగే మంచిదని పెద్ద పరిశోధనలో తేలిందట, నెట్టులో చదివిన" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఐశాట్ అనే ఆ పరిశోధనలో 2,143 మందిని చేర్చారు, 2002లో ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఏడాది తరువాత చనిపోయినవారు, లేదా ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవారు కాయిలింగ్ వర్గంలో నూటికి 24 మంది, క్లిప్పింగ్ వర్గంలో 31 మంది. కాని ఆ 2,143 మందికీ ఉబ్బు అప్పటికే చిట్లి రక్తం కారింది. అక్కకు చిట్లలేదు. పైగా అక్క ఉబ్బు ఉన్న ధమని మీది కేసులు అందులో తక్కువ. పరీక్షలో ఒక ప్రశ్నకు రాయవలసిన జవాబును ఇంకో ప్రశ్న కింద రాస్తే, అది ఎంత సరైన జవాబైనా మార్కులు వేయలేము. నెట్టులో చదివినదాన్ని మన రోగికి వర్తింపజేసేటప్పుడు మొట్టమొదట చూడవలసింది ఇదే. అది చిట్లినవారి సంగతా, చిట్లనివారి సంగతా?

చిట్లిన దాని సంగతి పూర్తిగా వేరు. ఉన్నట్టుండి నెత్తిమీద ఎవరో కొట్టినట్టు, పుట్టి బుద్ధెరిగిన తరువాత ఎన్నడూ ఎరుగనంత తలనొప్పి వచ్చి, వాంతి అయి, మెడ బిగుసుకుపోయి, కొందరికి ఒక కంటి రెప్ప వాలి, కొందరికి స్పృహ తప్పుతుంది. అక్కడ నెమ్మదిగా నిర్ణయించుకుందామనడానికి వీలు లేదు. మళ్లీ రక్తం కారే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికంటే ఎక్కువ కనుక, వీలైనంత వరకు ఆ వ్యవధిలోగా ఉబ్బును మూయాలి. మన పల్లెల్లో ఇటువంటి మనిషికి ఎండదెబ్బ అనో, గ్యాసు అనో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించి పడుకోబెడుతున్నారు. భూపాలపల్లి అవతలి ఊళ్లనుంచో, ఆసిఫాబాద్ నుంచో బయలుదేరిన రోగికి సీటీ స్కాన్ దాకా చేరడానికే సగం రోజు పడుతుంది. 108కు ఫోను చేసి, స్కాన్, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. మా అమ్మ నా చిన్నతనంలో పొలం గట్టుమీద తల పట్టుకుని కూలిపోయి, సాయంత్రానికి పోయింది. గాలి సోకిందన్నారు. అది ఇదే జబ్బు అయి ఉంటుందని అక్క స్కాన్ చూసిన తరువాత డాక్టర్లు అన్నారు. తల్లికి, అక్కకు ఉన్నదంటే మీరూ చూపించుకోవాలని చెబితే నేనూ స్కాన్ చేయించుకున్నాను. నాకు లేదు.

మూడోసారి వెళ్లిన చోట మాకు మేలు జరిగింది. అక్కడ న్యూరోసర్జన్, తీగ ద్వారా చేసే డాక్టరు ఇద్దరూ వారానికి ఒకరోజు ఒకే గదిలో కూర్చుని, ఒకే తెరమీద బొమ్మలు చూసి, రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. తొడ ద్వారా రంగు ఎక్కించి తీసే డీఎస్‌ఏ యాంజియోగ్రామ్ తీసి, ఉబ్బును నాలుగు వైపులా తిప్పి చూపించారు. మాతో గడిపింది నలభై నిమిషాలు. వారు మొదట అడిగిన ప్రశ్నలు ఉబ్బు గురించి కావు. పొగ తాగుతావా అమ్మా, బీపీ మాత్రలు ఎన్ని రోజులు మానేశావు, మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పోయారా, ఎప్పుడైనా కడుపులో రక్తం పడిందా, ఇంటి దగ్గర నిన్ను చూసుకునేవారెవరు అని అడిగారు. నడుము నొప్పికి గోళీలు మింగీ మింగీ అక్కకు నాలుగేళ్ల కిందట కడుపులో పుండై రక్తం పడిన సంగతి అప్పుడు బయటికి వచ్చింది. అంతకు ముందు ఇద్దరు డాక్టర్లకూ ఆ మాట తెలియదు. వారు అడగలేదు, మాకు చెప్పాలని తోచలేదు.

అక్కడే వారు ఒక లెక్క చూపించారు. 2014లో వెలువడిన ఫేజెస్ అనే ఈ లెక్కలో ఆరు పరిశోధనల్లోని 8,382 మంది రోగుల వివరాలను కలిపి, దేశం, బీపీ, వయసు, ఉబ్బు పరిమాణం, ఇంతకుముందు వేరే ఉబ్బు చిట్లిందా, ఉబ్బు ఏ ధమనిమీద ఉన్నది అన్న ఆరు అంశాలకు మార్కులు వేసి, వచ్చే ఐదేళ్లలో చిట్లే అవకాశం నూటికి ఎంతో చెబుతారు. అక్కకు బీపీకి 1, ధమనికి 2, మొత్తం 3 మార్కులు వచ్చాయి. ఐదేళ్లలో చిట్లే అవకాశం 0.7 శాతం. ఈ లెక్కకు ఒక లోపం ఉన్నదని ఆ డాక్టర్లే చెప్పారు. జపాన్ వారికి, ఫిన్లాండ్ వారికి, మిగతా ఐరోపా, ఉత్తర అమెరికా వారికి అందులో లెక్క ఉన్నది, మన దేశం వారికి లేదు. కుటుంబంలో ఈ జబ్బు ఉండటాన్ని కూడా అది పట్టించుకోదు. దాన్ని ఒక అంచనాగా తీసుకోవాలే తప్ప జాతకంగా చూడకూడదని చెప్పారు.

ఇంటికి వచ్చాక ఈ 0.7 శాతం అక్కకు ఎట్లా చెప్పాలో నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు శాతాలు చెప్పినవాడిని. అక్క అరుగుమీద చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. తడిపిన తునికాకును రేకు అచ్చు పెట్టి కత్తిరించి, ఎడమ అరచేతిలో పరిచి, పొగాకు పోసి, బొటనవేళ్లతో తిప్పి, కొసలు మడిచి, దారం చుట్టి చేటలో వేస్తున్నది. రోజుకు వెయ్యి లెక్క. నేను చేటలోంచి ఏడు బీడీలు తీసి పక్కన పెట్టాను. "అక్కా, నీ లాంటోళ్లు వెయ్యి మంది ఉన్నరనుకో. ఐదేండ్లల్ల ఈ ఏడుగురికి అది పలుగుతది. మిగిలినోళ్లకు పలుగదు" అన్నాను. తరువాత ఆపరేషన్ల లెక్క పెట్టాను. 2019లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్షలో లక్షకు పైగా రోగుల వివరాలు కలిపి చూస్తే, చిట్లని ఉబ్బులకు తీగ ద్వారా చేసే చికిత్సలో నూటికి సుమారు ఐదుగురికి, పుర్రె తెరిచి చేసే చికిత్సలో సుమారు ఎనిమిది మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. వెయ్యికి లెక్కవేస్తే యాభై, ఎనభై. ఇరవై ఐదు బీడీల కట్టలు రెండు ఒకపక్క పెట్టాను. మూడు కట్టలు, ఇంకో ఐదు విడి బీడీలు ఇంకోపక్క పెట్టాను.

అక్క కాసేపు చూసి ఒక ప్రశ్న అడిగింది. "ఈ ఏడింట్ల వడ్డోళ్లు సస్తరా? ఆ ఎనభైల వడ్డోళ్లందరు సస్తరా?" నా పాఠాలన్నింట్లో నాకు ఎవరూ వేయని ప్రశ్న అది. చిట్లితే మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా చనిపోతారు, బతికినవారిలోనూ చాలామంది మునుపటిలా ఉండరు. ఆపరేషన్ ఇబ్బందులు వచ్చినవారిలో ఎక్కువమందికి ప్రాణం మీదికి రాదు. అదే సమీక్షలో మరణాలు తీగ పద్ధతిలో వెయ్యికి ముగ్గురు, పుర్రె తెరిచిన పద్ధతిలో వెయ్యికి ఒకరు. అంటే ఏడును ఎనభైతో నేరుగా పోల్చకూడదు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఆపరేషన్ ముప్పు ఆ ఒక్క రోజుతో, ఆ నెలతో తీరిపోతుంది. చిట్లే ముప్పు ఐదేళ్లతో ఆగదు, ఏటేటా పోగవుతూ ఉంటుంది. అందుకే నలభై ఏళ్ల మనిషికి, డెబ్భై ఐదేళ్ల మనిషికి అదే కొలత ఉబ్బు ఉన్నా నిర్ణయం ఒకటి కాకపోవచ్చు. పరిమాణం, చోటు ఎంత తేడా తెస్తాయో 2003 నాటి అంతర్జాతీయ పరిశోధనలో కనపడుతుంది. 7 నుంచి 12 మిల్లీమీటర్ల ఉబ్బు మెదడు ముందు భాగపు ధమనుల మీద ఉంటే ఐదేళ్లలో 2.6 శాతం చిట్లాయి, వెనుక భాగపు ధమనుల మీద ఉంటే 14.5 శాతం.

ఆ రోజుకు అక్క, డాక్టర్లు కలిసి కనిపెట్టి ఉండాలనే నిర్ణయానికి వచ్చారు. బీపీ మాత్రలు ఏ పూటకాపూట సంచిలో వేసి పెట్టాము. పది నెలలకు మళ్లీ స్కాన్ తీస్తే ఉబ్బు 8 మిల్లీమీటర్లయింది, పక్కన చిన్న మొటిమలాంటి పొంగు కూడా లేచింది. ఫేజెస్ లెక్కలో మార్కులు 3 నుంచి 6కు, ముప్పు 1.7 శాతానికి చేరాయి. పెరుగుతున్న ఉబ్బుకు, మొటిమ లేచిన ఉబ్బుకు ఆ అంకె చెప్పేదానికంటే ముప్పు ఎక్కువని డాక్టర్లు వివరించారు. ఈసారి ఆగడం మంచిది కాదన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఏ పద్ధతి అన్నది మాత్రం మళ్లీ చర్చకు వచ్చింది. ఉబ్బు మొదలు వెడల్పు, రెండు కొమ్మలు అక్కడినుంచే చీలుతున్నాయి కనుక తీగచుట్టలకు స్టెంటు ఆసరా తప్పదు. స్టెంటు పెడితే రక్తం పలచబడే మాత్రలు రెండు తప్పవు. ఆ మాత్రలు వేసుకుంటే పాత కడుపుపుండు మళ్లీ రక్తం కక్కవచ్చు. మిడిల్ సెరిబ్రల్ ధమని చీలే చోటు పుర్రె తెరిచే సర్జనుకు అందుబాటులో ఉండే చోటు. తీగ ద్వారా చేసే డాక్టరే "నా అక్క అయితే నేను క్లిప్పుకే పంపుతాను" అన్నారు. తన చేతిలోని పనిని వదులుకుని ఆయన అన్న ఆ మాట మాకు ఎంత ధైర్యమిచ్చిందో రాయలేను.

సంతకానికి ముందు అక్క న్యూరోసర్జన్‌ను ఒకటే అడిగింది. "సారూ, ఎడమ చెయ్యి ఆడకుంట అయితదా? ఆకు పట్టేది ఆ చెయ్యే." కుడివైపు ఆపరేషన్ కనుక ఎడమ చేతికి బలహీనత వచ్చే అవకాశం కొంత ఉన్నదని, వస్తే ఎక్కువమందిలో తగ్గుతుందని, తగ్గకపోవడమూ ఉండవచ్చని ఆయన దాచకుండా చెప్పారు. ఒక తెల్లకాగితం మీద తెలుగులో నాలుగు దారులూ రాసి, ఒక్కొక్కదాని కింద ఏం చేస్తాము, నీకు ఇది ఎందుకు సరిపోతుంది లేదా సరిపోదు, ఏం కావచ్చు, తరువాత ఎన్నిసార్లు రావాలి, ఏం ఖర్చు అని రాసి ఇచ్చారు. అక్కకు చదువు రాదు, మనవరాలు రెండుసార్లు చదివి వినిపించింది. నాలుగు రోజులు ఇంట్లో ఉండి, ఆలోచించుకుని, వెళ్లి వేలిముద్ర వేసింది.

క్లిప్పింగే మేలని నేను రాస్తున్నట్టు ఎవరూ అనుకోవద్దు. నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడి భార్యకు బేసిలార్ ధమని కొసన ఉబ్బు వచ్చింది. అది మెదడుకు అడుగున, లోతుగా, కత్తికి అందని చోటు. ఆమెకు కాయిలింగ్ చేశారు, నాలుగో రోజు ఇంటికి వచ్చింది, కాయిల్స్ అణిగిపోయి ఉబ్బు మళ్లీ తెరుచుకునే అవకాశం ఉంటుంది కనుక ఆరు నెలలకు యాంజియోగ్రామ్ తీయించుకున్నది. మా వీధిలో 78 ఏళ్ల పెద్దాయనకు 3 మిల్లీమీటర్ల ఉబ్బు ఉన్నది, ఆయన బీపీ మాత్ర వేసుకుని రోజూ పద్మాక్షి గుట్ట దాకా నడిచి వస్తున్నారు. ముగ్గురికీ జబ్బు పేరు ఒకటే.

అందువల్ల ప్రభుత్వానికి, వైద్యాధికారులకు నా విన్నపం ఇది. 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉన్న ఊరు వరంగల్. ఎంజీఎం ఆసుపత్రి మీద ఎన్నో జిల్లాల పేదలు ఆధారపడి ఉన్నారు. కాలేజీ ఆవరణలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి వచ్చింది, పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. అంతస్తులతోపాటు అందులో వారానికి ఒక్క పూట మెదడు రక్తనాళాల ఉమ్మడి ఓపీ ఏర్పాటు చేయండి. తీగ ద్వారా చేసే నిపుణుడు స్థానికంగా లేని రోజున హైదరాబాద్ నిమ్స్ వంటి సంస్థలోని డాక్టరు వీడియోలో ఆ బొమ్మలు చూసి, న్యూరోసర్జన్‌తో కలిసి రోగి ముందే మాట్లాడవచ్చు. బొమ్మలు పంపడానికి ఈ రోజుల్లో ఖర్చు ఎంత? కాజీపేటలో రైలెక్కి, హైదరాబాద్‌లో లాడ్జిలో దిగి, ఒక డాక్టరు దగ్గరనుంచి ఇంకో డాక్టరు దగ్గరికి ఫిల్ములు మోసుకు తిరిగే కుటుంబానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచడం పేదలకు పెద్ద ఊరట. అయితే క్లిప్పింగుకు ఎంత వర్తిస్తుంది, కాయిల్స్ ఎన్నింటికి వర్తిస్తుంది, స్టెంటుకు, ఫ్లో డైవర్టరుకు వర్తిస్తుందా లేదా, తరువాతి యాంజియోగ్రామ్ సంగతేమిటి అన్నది అడ్మిట్ కాకముందే రోగి చేతికి తెలుగులో రాసి ఇవ్వాలి. ఏ ఆసుపత్రిలో ఆ ఏడాది ఏ పద్ధతిలో ఎన్ని చేశారు, ఎందరు నడిచి ఇంటికి వెళ్లారు అన్న అంకెలు కూడా బయటపెట్టమని కోరుతున్నాను. ప్రపంచం సగటు మాకు చెబుతున్నారు, మేము వేలిముద్ర వేస్తున్న ఆసుపత్రి సగటు కూడా మాకు కావాలి కదా?

ఇవి డాక్టర్ల దయను కోరే మాటలు కావు. రోగి అంగీకారం చెల్లాలంటే చికిత్స ఏమిటో, దానికి బదులు వేరే దారులేమున్నాయో, ప్రధానమైన ముప్పులేమిటో, చికిత్స వద్దంటే ఏమవుతుందో ముందుగా చెప్పి ఉండాలని సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఒక వైద్య కేసు తీర్పులో స్పష్టం చేసింది. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉన్నది. కనుక చదువుకున్న పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని చిట్లని ఉబ్బు బయటపడితే, రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా యాంజియోగ్రామ్ బొమ్మల సీడీ అడిగి తీసుకోండి, రెండో డాక్టరుకు అవి చూపండి. రెండో డాక్టరు మొదటి డాక్టరు విద్య కాకుండా రెండో విద్య తెలిసినవారై ఉంటే మరీ మంచిది. అల్సరు, ఆస్తమా, కిడ్నీ జబ్బు, గతంలో రక్తం పడటం, ఏదైనా సరే, అడగకపోయినా చెప్పండి. వద్దన్న దారి ఎందుకు వద్దో ఇద్దరి చేతా చెప్పించుకోండి.

అక్క ఆపరేషన్ గత ఏడాది జరిగింది. ఎనిమిదో రోజు ఇంటికి వచ్చింది. ఎడమ చేతి రెండు వేళ్లకు కొద్దిరోజులు మొద్దుబారిన స్పర్శ ఉండి, ఆరు వారాలకు తగ్గిపోయింది. ఆపరేషన్ తరువాతి యాంజియోగ్రామ్‌లో ఉబ్బు పూర్తిగా మూసుకున్నట్టు కనపడింది. ఇప్పుడు రోజుకు ఆరు వందల బీడీలు చుడుతున్నది, అంతకుమించి వద్దని మేమే ఆపుతున్నాము. డాక్టరుగారు తెలుగులో రాసి ఇచ్చిన ఆ కాగితం మడతలు చిరిగిపోతుంటే మనవరాలు ప్లాస్టిక్ కవరులో పెట్టింది, అక్క దాన్ని బీడీ కార్డుతోపాటు ట్రంకుపెట్టెలో దాచుకున్నది. డాక్టరుగారి అనుమతితో, పేర్లు తీసివేసి, ఆ కాగితం నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. స్థలం ఉంటే దాన్ని కూడా ప్రచురించండి. ఏ ఆసుపత్రివారైనా దాన్ని తీసుకుని తమ ఓపీలో వాడుకుంటామంటే, అచ్చువేయించే ఖర్చు నా పింఛనులోంచి భరిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ